రెండు రేడియోలు, ఒకే హెడ్‌సెట్: ఏ పద్ధతిలో కలపాలి?

మా మేనల్లుడు అమెరికాలో ఇద్దరు స్నేహితులతో కలిసి కిట్ విమానం, అంటే భాగాలు తెప్పించి సొంతంగా కట్టుకునేది, కడుతున్నాడు. వ్యాన్స్ వారి ఆర్‌వీ-9ఏ, ఇద్దరు పక్కపక్కన కూర్చునేది. రెక్కలూ తోకా అయిపోయాయి, పైలట్ ముందుండే పరికరాల ప్యానెల్ దగ్గరకొచ్చి ఆగారు. సంక్రాంతికి విశాఖ వచ్చినప్పుడు నా బల్ల ముందు కూర్చుని, "మావయ్యా, టవర్‌తో మాట్లాడే కామ్ రేడియోలు రెండు పెడుతున్నాం. రెండిటి మాటా ఒకే హెడ్‌సెట్‌లో వినబడాలి. వైర్లు కలిపేస్తే సరిపోదా?" అన్నాడు.

నేను విమానాల మనిషిని కాదు. మర్రిపాలెంలో ఇల్లు కాబట్టి అవి నెత్తిమీంచి వెళ్తుంటాయి, అంతవరకే బంధుత్వం. కానీ పాతికేళ్ళు మైక్ సెట్లు, మిక్సర్లు బాగుచేసినవాణ్ణి. పెళ్ళిపందిట్లో సన్నాయి మైకు, పంతులుగారి మైకు ఒకే యాంప్లిఫయర్‌లోకి ఎలా వెళ్ళాలో తెలుసు. విమానంలోనూ ఆడియో ఆడియోనే. తేడా ఒక్కటే. పందిట్లో మైకు పోతే పంతులుగారు గొంతు పెంచుతారు, గాల్లో ఆ సౌకర్యం లేదు. అందుకే వాడికి మొదటిరోజే చెప్పాను: ఏ పద్ధతిలో శబ్దం బాగుంటుందని అడక్కు, రెండిటినీ కలిపే ఆ డబ్బా చచ్చిపోతే నీ చెవిలో ఏం మిగులుతుందో అడుగు. వాడున్న మూడు వారాల్లో ఒక్కో పద్ధతినీ బల్లమీద కట్టి చూశాం.

అసలు రేడియోలు మాత్రం బల్లమీదకు తేలేదు. ఇక్కడ దగ్గర్లోనే నౌకాదళం వారి విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది. ఆ పక్కనే లైసెన్సు లేకుండా ప్రసారం చేసే సెట్టు ముట్టుకోవడం చట్టానికీ పడదు, బుద్ధికీ పడదు. రెండు పాత సెల్‌ఫోన్లు రేడియోలుగా నటించాయి. ఒకదాంట్లో వాడు చదివి రికార్డు చేసిన వాతావరణ సమాచారం, రెండోదాంట్లో టవర్‌లాగా నేను. వాడి ఇంగ్లీషు ముందు నా ఇంగ్లీషు విని మా అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

ముందు మైకు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే తికమకపడతారు. వినడం కలపవచ్చు, మాట్లాడటం కలపకూడదు. మైకు ఎప్పుడూ ఒక్క రేడియోకే వెళ్ళాలి, దాంతోపాటు పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) తీగ కూడా. రెండూ ఒకేసారి తగిలిస్తే బటన్ నొక్కగానే రెండు ఫ్రీక్వెన్సీల మీదా నువ్వే మాట్లాడుతుంటావు. పైగా ఏవియేషన్ మైకుకు పనిచేయడానికి కావలసిన కొన్ని వోల్టుల డీసీని రేడియోనే పంపుతుంది. రెండు రేడియోలు ఒకే తీగలోకి దాన్ని పంపితే మైకు గొంతు మారిపోతుంది. మైకు జాక్‌లో కొన పీటీటీ, మధ్య రింగు మైకు, వెనక భాగం ఎర్త్. కాబట్టి ఆరు కాళ్ళ టోగుల్ స్విచ్చి ఒకటి పెట్టి, ఒక వరుసకు మైకు, రెండో వరుసకు పీటీటీ ఇస్తే సరి. ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ స్విచ్చి ఉంటుంది, ఆడియో ప్యానెల్ కొంటే తప్ప. అందులో అది లోపలే ఉంటుంది.

ఇక వినడం.

వైర్లు కలిపేయడం

వద్దు. కొన్నిసార్లు పనిచేసినట్టే కనిపిస్తుంది, అదే దీని ప్రమాదం. రేడియో హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ అంటే చిన్న యాంప్లిఫయర్. దాని లోపలి నిరోధం చాలా తక్కువ, హెడ్‌సెట్ నిరోధం వందల ఓమ్‌లు. రెండు అవుట్‌పుట్లు కలిపితే మొదటి రేడియోకు ఎదురుగా హెడ్‌సెట్ కనబడదు, రెండో రేడియో యాంప్లిఫయరే కనబడుతుంది. అది దాదాపు షార్ట్ సర్క్యూట్‌తో సమానం. శబ్దం పడిపోతుంది, మాట చీలుతుంది, యాంప్లిఫయర్ వేడెక్కుతుంది. రెండో రేడియో ఆపేసినా బాధ తప్పకపోవచ్చు. కరెంటు లేని చిప్పు తనలోకి వచ్చే సిగ్నల్‌ను కోసేస్తుంది, మాట గొంతులో ఏదో అడ్డంపడినట్టు వస్తుంది. మా రోజుల్లో రెండు టేప్ రికార్డర్లను వై-తీగతో కలిపి, ఒకటి ఆపగానే రెండోది మూలిగిందని నా దగ్గరకు తెచ్చేవారు. అదే జబ్బు.

స్విచ్చితో మార్చుకోవడం

మైకు మారే స్విచ్చిలోనే ఇంకో వరుస చేర్చి హెడ్‌ఫోన్ కూడా మార్చేయవచ్చు. ఇంతకంటే సులువైనది లేదు, చెడిపోవడానికి ఏమీ లేదు. కానీ రెండో రేడియో పెట్టుకున్నది ఎందుకు? టవర్‌తో మాట్లాడుతూనే వచ్చే విమానాశ్రయం వాతావరణం వినడానికి, లేదా 121.5 మెగాహెర్ట్జ్ అత్యవసర ఫ్రీక్వెన్సీని చెవిలో ఉంచుకోవడానికి. ఒకటి వింటుంటే రెండోది మూగబోయే ఏర్పాటులో ఆ లాభం సగం పోతుంది. రెండో రేడియో కేవలం స్పేరుగానే ఉండాలనుకుంటే ఇది చాలు, ఇక చదవనక్కర్లేదు.

స్విచ్చి కొనేటప్పుడు ఒక మాట. వెండి కాంటాక్టుల స్విచ్చి లైటుకో మోటారుకో బాగుంటుంది. ఆడియో అంత చిన్న కరెంటు ఆ కాంటాక్టు మీద పట్టిన పొరను చీల్చుకుని వెళ్ళలేదు. బంగారుపూత కాంటాక్టులున్నది అడగాలి. విశాఖ ఉప్పుగాలికి రాగి మీద చిలుము ఎంత తొందరగా పడుతుందో ఇక్కడ పనిచేసిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. వాడి విమానం సముద్రానికి దూరంగా ఉంటుందట, అయినా నేను ఒప్పుకోలేదు.

రెండు రెసిస్టర్లు

నాకు నచ్చినది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. ఒక్కో రేడియో అవుట్‌పుట్ దారిలో ఒక 150 ఓమ్‌ల రెసిస్టర్, వాటి రెండో చివరలు కలిపి హెడ్‌సెట్‌కు. అంతే. డాబాగార్డెన్స్‌లో రెండిటికీ కలిపి అయిన ఖర్చు ప్లేటు ఇడ్లీ అంత కూడా లేదు. పావు వాటువి సరిపోతాయి, మనశ్శాంతికి అర వాటువి వేశాను.

ఇలా కలిపినప్పుడు శబ్దం తగ్గుతుంది, ఎంత తగ్గుతుందో లెక్క చూద్దాం. హెడ్‌సెట్ 300 ఓమ్‌లు అనుకుందాం. ఏవియేషన్ హెడ్‌సెట్లు సాధారణంగా 150 నుంచి 600 మధ్య ఉంటాయి. మొదటి రేడియో పలుకుతున్నప్పుడు రెండోది మౌనంగా ఉన్నా, దాని 150 ఓమ్‌ల గుండా ఎర్త్‌కు ఒక దారి ఉంటుంది. ఆ 150, హెడ్‌సెట్ 300 సమాంతరంగా చేరి 100 అవుతాయి. మొదటి రేడియో తన 150 దాటి ఈ 100 మీద పనిచేయాలి. మొత్తం 250లో 100 అంటే వోల్టేజిలో 0.4 వంతు చెవికి చేరుతుంది, సుమారు 8 డెసిబెల్స్ తగ్గుదల. రెండో సీటు హెడ్‌సెట్ కూడా తగిలిస్తే మూడో వంతే చేరుతుంది, అంటే తొమ్మిదిన్నర డెసిబెల్స్. రేడియో వాల్యూమ్ కాస్త తిప్పితే ఇది సర్దుకుంటుంది. విమానం రేడియోల అవుట్‌పుట్‌లో అంత నిల్వ ఉంటుంది.

రేడియో వైపు నుంచి చూస్తే 250 ఓమ్‌ల లోడు కనబడుతుంది, ఆరోగ్యకరమైన సంఖ్య. 500 ఓమ్‌ల కోసం చేసిన రేడియో కూడా సాధారణంగా దీనికి ఇబ్బంది పడదు, కానీ దాని మాన్యువల్‌లో కనీస లోడు ఎంతో ఒకసారి చూసుకోవాలి.

మేమిద్దరం ఒక సాయంత్రం అనవసరంగా పాడుచేసుకున్నాం. ఏవియేషన్ హెడ్‌సెట్ లేదు కదా అని ఫోను ఇయర్‌ఫోన్లు తగిలించాం. ఏమీ వినబడలేదు. సోల్డరింగ్ తిరగేశాను, తీగలు మార్చాను, వాడి మీద విసుక్కున్నాను. తీరా చూస్తే ఇయర్‌ఫోన్ 32 ఓమ్‌లు! ఆ లెక్కన సుమారు ఏడో వంతే చేరుతుంది. 270 ఓమ్‌ల రెసిస్టర్‌ను ఇయర్‌ఫోన్‌కు సిరీస్‌లో పెట్టి హెడ్‌సెట్‌గా నటింపజేసి, శబ్దం బదులు వోల్టేజి కొలిచాక లెక్క సరిపోయింది.

ఒక రేడియో ఆపేస్తే? కొన్ని రేడియోల అవుట్‌పుట్ ఆపినప్పుడు తెగిన తీగలా అయిపోతుంది. అప్పుడు రెండోదానికి పక్కదారి ఉండదు, 450లో 300 చెవికి చేరుతుంది. సుమారు నాలుగున్నర డెసిబెల్స్ పెరుగుతుంది. కంగారుపడనక్కర్లేదు, కానీ మొదటిసారి గాల్లో తెలుసుకోవడం కంటే నేలమీద తెలుసుకోవడం మంచిది.

ఇందులో కరెంటు లేదు, చిప్పు లేదు. ఒక రెసిస్టర్ తెగితే ఒక్క రేడియోనే పోతుంది. ప్రసారం చేసేటప్పుడు యాంటెన్నా నుంచి వచ్చే రేడియో తరంగాలను రెసిస్టర్ ఆడియోగా మార్చి చెవిలో గీపెట్టదు, చిప్పులు అప్పుడప్పుడు ఆ పని చేస్తాయి. లోటేమిటంటే, రెండు రేడియోల మధ్య ప్రాధాన్యం ఉండదు. టవర్ పిలిచినప్పుడు వాతావరణ రికార్డింగ్ తనంతట తాను తగ్గదు. వాల్యూమ్ గుండీ మీద వేలు ఉంచుకోవాల్సిందే.

ఒక చెవికి ఒకటి

స్టీరియో హెడ్‌సెట్ ఉంటే అసలు కలపకుండానే పని జరుగుతుంది. ఎడమ చెవికి మొదటి రేడియో, కుడి చెవికి రెండోది. రెండు గొంతులు వేర్వేరు వైపుల నుంచి వస్తే మెదడు విడదీసుకోగలదని కాలిన్ చెర్రీ 1953లోనే పరీక్షలు చేసి చూపించాడు. ఇంత పాండిత్యం కూడా అక్కర్లేదు. పూర్ణా మార్కెట్‌లో ఎడమవైపు బేరమాడుతూ కుడివైపు వచ్చే ఆటో హారన్ వినగలిగేవాళ్ళం మనం.

వినడానికి అన్నిటికంటే ఇదే బాగుంది, వాడు దీన్నే పట్టుకు కూర్చున్నాడు. చిక్కు మరో చోట ఉంది. స్నేహితుడెవరో మామూలు మోనో హెడ్‌సెట్ తెచ్చి ఆ జాక్‌లో దూర్చాడనుకో. మోనో ప్లగ్ వెనక భాగం రింగు చోటును కూడా తాకి ఎర్త్ చేసేస్తుంది. కుడి చెవికి వెళ్ళే రేడియో నేరుగా షార్ట్. ఆ దారిలో వంద, నూటయాభై ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే రేడియో బతుకుతుంది, లేకపోతే దాని అదృష్టం. కొన్ని స్టీరియో హెడ్‌సెట్లకు మోనో స్విచ్చి ఉంటుంది. పొరపాటున అది నొక్కితే రెండు చెవులకూ ప్లగ్ కొనకు వచ్చే మొదటి రేడియోనే వినబడుతుంది, రెండో రేడియో మాయమవుతుంది. ఒక చెవి సరిగా వినబడనివాళ్ళకు ఈ పద్ధతి మొదటే కుదరదు. నాకు ఎడమ చెవి మైక్ సెట్ల దయవల్ల కొంచెం మందం, అందుకే నా ఓటు రెసిస్టర్లకు పడిందేమో.

యాంప్లిఫయర్ మిక్సర్

ఎన్ఈ5532 లాంటి ఆప్-యాంప్‌తో, అంటే చిన్న యాంప్లిఫయర్ చిప్పుతో, నిజమైన మిక్సర్ కట్టవచ్చు. ఒక్కో రేడియోకు 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్ రెసిస్టర్, అంతే విలువ ఫీడ్‌బ్యాక్. ఒక రేడియో ఆపినా పెట్టినా రెండోదాని శబ్దం మారదు. రేడియోలతోపాటు ఇంజను హెచ్చరికల బీప్, టాబ్లెట్ గొంతు లాంటివి నాలుగైదు కలపాలంటే రెసిస్టర్లతో నష్టం పెరిగిపోతుంది. అప్పుడు ఇదే దారి.

నేను చేసిన తప్పు చెబుతాను. అలవాటు కొద్దీ డ్రాయర్‌లో ఉన్న ఎల్ఎం386 బోర్డు తీశాను. 12 వోల్టుల మీద చక్కగా పలికింది. విమానంలో ఆల్టర్నేటర్ తిరుగుతుంటే అన్నిటికీ కరెంటు పంచే తీగ మీద 14 వోల్టులు దాటి ఉంటాయని వాడు గుర్తుచేశాక సప్లై 14.4కు పెంచాను. కాసేపు పలికి, వేడెక్కి, గరగరలాడి ఊరుకుంది. మామూలు రకం ఎల్ఎం386 పని పరిధి 12 వోల్టుల వరకే. ముందు వోల్టేజిని 9కి కట్టడి చేసే 7809 రెగ్యులేటర్ ఒకటి పెట్టాల్సింది. పైగా అది స్పీకరు తోలే చిప్పు, హెడ్‌సెట్‌కు అంత బలం అక్కర్లేదు. 600 ఓమ్‌ల లోడును ఎన్ఈ5532 తనంతట తానే తోలగలదు.

దీనికంటే పెద్ద విషయం, ఈ డబ్బాకు కరెంటు పోతే రెండు రేడియోలూ బాగానే ఉండి కూడా నీకేమీ వినబడదు. ఒక ఫ్యూజు రెండు రేడియోలను తినేసినట్టు. అందుకని ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) తప్పనిసరి. కరెంటు ఉన్నంతసేపు హెడ్‌సెట్ మిక్సర్‌కు, కరెంటు పోగానే రిలే తనంతట తాను వెనక్కి పడి హెడ్‌సెట్‌ను నేరుగా మొదటి రేడియోకు కలపాలి. ఆ రిలే లేని యాంప్లిఫయర్ మిక్సర్‌ను విమానంలో పెట్టవద్దు. రేకు డబ్బాలో కట్టి, ప్రతి ఇన్‌పుట్ దగ్గరా 1 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ వేయండి, ప్రసారం చేసినప్పుడు కీచుమనకుండా ఉంటుంది.

కొనుక్కునే దారులు

విమానంలో కూర్చున్నవాళ్ళు తమలో తాము మాట్లాడుకునే ఇంటర్‌కామ్ ముందే ఉంటే దాని వెనక ఆక్స్ (అదనపు) ఇన్‌పుట్ ఉందేమో చూడండి, రెండో రేడియోను అందులోకి ఇవ్వవచ్చు. అయితే ఆ ఇన్‌పుట్ పాటల కోసమైతే, మొదటి రేడియో పలికినప్పుడూ పక్కవాడు మాట్లాడినప్పుడూ దాని గొంతు నొక్కేస్తుంది. పాటకు అది మర్యాద, రేడియోకు అది మోసం. ఆ సౌకర్యం ఆపేసే వీలుందేమో ముందే కనుక్కోవాలి.

ఇంకో రకం, ఒకే రేడియో రెండు ఫ్రీక్వెన్సీలు వినడం. గార్మిన్ జీటీఆర్ 200, ట్రిగ్ టీవై91 లాంటివి పక్కన సిద్ధంగా పెట్టుకున్న స్టాండ్‌బై ఫ్రీక్వెన్సీని కూడా కనిపెట్టి ఉంటాయి, రెండిటిలోనూ ఇద్దరికి సరిపడే ఇంటర్‌కామ్ లోపలే ఉంటుంది. బరువు తగ్గుతుంది, వైరింగ్ తగ్గుతుంది. కానీ ప్రధాన ఫ్రీక్వెన్సీలో ఎవరైనా మాట్లాడుతున్నంతసేపు రెండోది వినబడదు. అది చెడితే రెండూ పోతాయి కాబట్టి రెండు రేడియోలు ఉన్నట్టు లెక్కేసుకోకూడదు. జేబులో చేతిరేడియో ఒకటి ఉంచుకునేవారికి, పగటిపూట దగ్గరి ప్రయాణాలకు నాకైతే ఇది బాగానే అనిపించింది.

ఆడియో ప్యానెల్ అంటే అన్నీ చేసే పెద్దన్న. మైకు మారడం, ఏది వినాలో బటన్లు, ప్రసారం చేసేటప్పుడు మిగతావి తగ్గించడం, అన్నీ ఉంటాయి. గార్మిన్ జీఎంఏ 340 లాంటి దాంట్లో నేను పైన చెప్పిన రిలే తెలివి కూడా ఉంది: ప్యానెల్‌కు కరెంటు పోతే పైలట్ హెడ్‌సెట్, మైకు నేరుగా మొదటి రేడియోకు కలుస్తాయి. కొత్తది కొంటే వెయ్యి డాలర్లు దాటుతుంది, తీగల మోపు ఉంటుంది. నాలుగు సీట్ల విమానానికి, మబ్బుల్లో ఎగరాలనుకునేవారికి రెండో ఆలోచన వద్దు, ఇదే కొనండి. అక్కడ సొంత డబ్బా కట్టి మిగిల్చే డబ్బు మిగలదు.

కలిపాక వచ్చే రెండు గొడవలు

మొదటి రేడియోలో మాట్లాడుతుంటే రెండోది ఊరుకోదు. యాంటెన్నాలు రెండడుగుల దూరంలో ఉంటే వేరే ఫ్రీక్వెన్సీ మీదున్నా, మాట లేనప్పుడు రొదను మూసి ఉంచే స్క్వెల్చ్ తెరుచుకుని చెవిలో బుస్సుమంటుంది. ఒకటి విమానం పైన, ఒకటి కింద పెడితే లోహపు పొట్ట కొంత అడ్డుకుంటుంది. ఇంకా వస్తే, ప్రసారం చేసే రేడియో పీటీటీతోపాటు ఒక చిన్న రిలే నొక్కుకుని రెండోదాని ఆడియోను తెంచాలి. రిలే చుట్టకు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ వేయడం మరచిపోతే బటన్ వదిలినప్పుడల్లా చెవిలో టప్పుమంటుంది. ఈ రిలే చెడినా ఆడియో తెగకుండా, కరెంటు లేనప్పుడు కలిసి ఉండే కాంటాక్టు వాడాలి.

రెండోది కూత. ఇంజను వేగంతోపాటు పెరిగే సన్నని కూత వస్తుంటే అది ఆల్టర్నేటర్, దారి ఎర్త్. మైక్ సెట్ వాళ్ళకు ఇది తెలిసిందే: మిక్సర్ ఒక ప్లగ్‌లో, యాంప్లిఫయర్ పందిరి అవతలి ప్లగ్‌లో పెడితే హమ్మింగ్ వస్తుంది. ఆర్‌వీ అల్యూమినియం విమానం. జాక్ బిగించగానే దాని వెనక భాగం ఒంటికి తగిలి ఎర్త్ అవుతుంది, ఆ ఎర్త్ ఎక్కడెక్కడి కరెంటునో మోసుకొస్తుంది. జాక్‌కు రెండువైపులా ఇన్సులేటింగ్ వాషర్లు వేసి, షీల్డ్ వైరును రేడియో దగ్గర ఒక్క చోటే ఎర్త్ చేయాలి. మైకు తీగ, హెడ్‌ఫోన్ తీగ వేర్వేరు షీల్డుల్లో వెళ్ళాలి. ఇవన్నీ చేసినా కూత పోకపోతే 600 ఓమ్‌లకు 600 ఓమ్‌ల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి మధ్యలో పెట్టవచ్చు, కానీ నేనైతే దాన్ని ముందే కొనను.

చివరికి మావాడు తీసుకెళ్ళింది అగ్గిపెట్టెంత రేకు డబ్బా. అందులో రెసిస్టర్లు, మ్యూట్ రిలే. మైకుకు విడిగా బంగారుపూత టోగుల్. ఎడమ సీటు జాక్ వెనక ఒక చిన్న స్లైడ్ స్విచ్చి పెట్టాం: ఒకవైపు రెండు రేడియోలూ రెండు చెవులకు, రెండోవైపు చెవికొకటి. ఆ డబ్బా విమానంలోకి ఎక్కే ముందు ఒక పరీక్ష చేయమన్నాను. రేడియోలు రెండూ వింటూ ఉండగా ప్యానెల్‌లో ఒక్కో ఫ్యూజూ పీకాలి. ప్రతిసారీ ఏది మిగిలిందో కాగితం మీద రాయాలి. ఏ ఒక్క ఫ్యూజు పీకినా రెండూ మూగబోతే ఆ వైరింగ్ మళ్ళీ మొదలుపెట్టాలి.

కుడి సీటుకు ఏ రకం జాక్ పెట్టాలో ఇంకా తేలలేదు. అక్కడ ఎవరు కూర్చుంటారో, ఏ హెడ్‌సెట్ తెస్తారో ముందు వాళ్ళు ముగ్గురూ తేల్చుకోవాలి. అప్పటిదాకా రెండు రకాలకూ సరిపడేలా రింగు దారిలో 150 ఓమ్‌లు వేసి ఉంచమన్నాను.